మాఫీ మైకు

ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోని మా కంపెనీకి ఒక ఆచారం ఉంది. ప్రతి సోమవారం పొద్దున్న, టీ ఇచ్చే ముందు, అందరినీ క్యాంటీన్‌లో చేర్చి, ముందు వారం తప్పు చేసినవాళ్ళ చేత మైకులో మాఫీ, అంటే క్షమాపణ, చెప్పిస్తారు. "గల్తీ మేరీ హై", తప్పు నాదే, అనాలి. అనగానే అందరం చప్పట్లు కొట్టాలి. చప్పట్లు అయ్యాక టీ, సమోసా. ఈ ఆచారం పెట్టింది మా యజమాని సదాశివరావు గారు. తెనాలి నుంచి కుర్రతనంలో ఢిల్లీ వచ్చి, బస్సు బాడీలు కట్టి పైకొచ్చి, ఇప్పుడు హైడ్రోజన్‌తో నడిచే బస్సు తయారు చేయిస్తున్న మనిషి. "ఇది కంపెనీ కాదమ్మా, కుటుంబం. కుటుంబంలో తప్పు దాచుకోకూడదు" అంటారు. ఆయన మాత్రం ఆ మైకు పట్టుకుని ఎన్నడూ మాఫీ అడగలేదు. కుటుంబ పెద్దకు తప్పులుండవు కాబోలు.

నా పేరు కృష్ణకుమారి. మాది కాకినాడ. ఆ బస్సులో కరెంటు పుట్టించే పెట్టెను నేను కట్టాను. ట్యాంకులోని హైడ్రోజన్ ఒక పక్క నుంచీ, బయటి గాలి ఇంకో పక్క నుంచీ వచ్చి పల్చటి పొరల దగ్గర కలుస్తాయి. అక్కడ కరెంటు పుడుతుంది, దాంతో బస్సు నడుస్తుంది. వెనక గొట్టంలోంచి నీళ్ళు తప్ప ఇంకేమీ రావు. అలాంటి పొరలు వందలకొద్దీ పేర్చి బిగిస్తే అదే పెట్టె, మేం దాన్ని స్టాక్ అంటాం. దాన్ని కట్టడంలోనే నా ముప్ఫైల వయసంతా గడిచింది. గడిచినందుకు నాకు విచారం లేదు. మొదటిసారి అది పలికినరోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను, కడుపు అంత నిండిపోయింది.

పోయిన నవంబరులో, ఢిల్లీ గాలి గొంతులో గీరుకుంటున్న రోజుల్లో, అతిథుల్ని ఎక్కించుకుని బస్సు మోహన్‌నగర్ వైపు వెళ్ళింది. ఫ్లైఓవర్ మీద ఆగిపోయింది. కారణం నాకు తెలుసు. బస్సు పీల్చే గాలిని శుభ్రం చేసేది బొగ్గు ఫిల్టర్. దాన్ని మార్చాలని దసరా నుంచి మొత్తుకుంటున్నాను. "దీపావళి వెళ్ళనివ్వండమ్మా" అన్నారు సదాశివరావు గారు. దీపావళి వెళ్ళింది, దాంతోపాటు ఫిల్టర్ కూడా పోయింది. ఢిల్లీ మురికంతా నేరుగా స్టాక్‌లోకి పోయింది. అయినా సోమవారం పొద్దున్న నా పేరే పిలిచారు.

"డిజైన్‌లో లోపం ఉందమ్మా. ఒప్పుకుంటే పోయేదేముంది, మనసు తేలికపడుతుంది" అన్నారు, తండ్రిలాగా నా భుజం తడుతూ.

నేను ఒప్పుకోనని చెప్పి ఉండాల్సింది. కానీ ఎదురుగా మూడొందల ముఖాలు. నా టిఫిన్ డబ్బాలోంచి పులిహోర తిన్నవాళ్ళు, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు, "దీదీ దీదీ" అని వెనకాల తిరిగినవాళ్ళు. నా గొంతు నాకే స్పీకర్లలో వినిపించింది. "గల్తీ మేరీ హై." చప్పట్లు మోగాయి. ఒక్కరంటే ఒక్కరు కూడా చేతులు కట్టుకుని నిలబడలేదు. ఆ తర్వాత సమోసాల కోసం తోసుకున్నారు.

మా ఆయన లక్ష్మీపతి ఎయిర్‌ఫోర్స్‌లో పని చేస్తారు, హిండన్‌లో పోస్టింగ్. ఆ వారమంతా నేను వంటింట్లో గిన్నెలు విసిరేస్తుంటే చూసి చూసి, "మానెయ్యరాదటే, నా జీతం సరిపోదా మనకి?" అన్నారు.

"మానేస్తే ఆ మైకు ఆయన చేతిలో పెట్టేదెవరండీ?" అన్నాను.

"పగా?"

"పగే."

ఆయన కింద పడ్డ గరిటె తీసి కడిగారు. ఆ రోజు నుంచీ నాకు కావాల్సింది ఒకటే. సదాశివరావు గారు ఆ క్యాంటీన్‌లో, అదే జనం ముందు, అదే మైకు పట్టుకుని, నా చేత అనిపించిన మాట తన నోటితో అనాలి. ప్రమోషన్లు వద్దు, బోనస్ వద్దు. ఆ ఒక్క మాట వినాలి.

మాఫీ చెప్పిన మర్నాడే నన్ను ప్రాజెక్టు నుంచి తప్పించారు. నా కుర్చీలో సదాశివరావు గారి మేనల్లుడు శరత్ కూర్చున్నాడు. ఢిల్లీ ద్వారకాలో పుట్టి పెరిగినవాడు. తెలుగులో అడిగితే అర్థం చేసుకుని హిందీలో జవాబు చెప్తాడు. చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడూ కాదు. కానీ మామయ్య గొంతు వినపడితే లేచి నిలబడే అలవాటు. నాకేమో ఏర్పాట్ల పని అప్పగించారు. అంటే ఎవరైనా పెద్దమనుషులు వస్తే పూలదండలు, టిఫిన్లు, శాలువాలు చూసుకోవాలి. స్టాక్ కట్టినదాన్ని దండలు కట్టించే పనికి దించారు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. నేను మాత్రం ఘాజియాబాద్ పూల మండీలో బంతిపూలు ఏ దుకాణంలో తాజాగా ఉంటాయో తెలుసుకున్నాను.

హోలీ దాటాక అసలు సంగతి వచ్చింది. ఒక రాష్ట్ర రవాణా శాఖ మా బస్సులు కొనడానికి ముందుకొచ్చింది. షరతు ఒకటే. మానేసర్ దాటాక ఉన్న టెస్ట్ ట్రాక్ మీద, సిటీ బస్సులా ఆగుతూ కదులుతూ నడిచి, వంద కిలోమీటర్లకు ఎనిమిది కిలోల లోపు హైడ్రోజన్‌తో సరిపెట్టాలి. నవంబరు తర్వాత కొత్త బొగ్గు ఫిల్టర్ వేసి స్టాక్‌ను బాగుచేశారు, మంచి రోజుల్లో మా బస్సు ఏడున్నరకే వచ్చేది. కొంచెం అటూ ఇటూ అయినా నెగ్గుతుంది. అయినా సదాశివరావు గారికి ఏడున్నర చాలలేదు. ఏడు కావాలి. పేపర్లో పడాలి.

మీటింగులో అందరి ముందూ అన్నారు. "ఆ బొగ్గు ఫిల్టర్ గాలికి అడ్డు కదా? దాన్ని దాటించి గాలి లాగడానికి మోటారుకు కరెంటు ఖర్చవుతుంది. ఆ కరెంటు కోసం హైడ్రోజన్ ఖర్చవుతుంది. తీసేయండి దాన్ని. మామూలు కాగితం ఫిల్టర్ ఒకటి పెట్టండి చాలు."

ఆ లెక్క తప్పు కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని పరిగెత్తేవాడి కంటే కట్టుకోనివాడు తేలిగ్గానే పరిగెత్తుతాడు, గాలి బాగున్నంతవరకూ. కాగితం ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది, విషపు గాలిని ఆపదు. ముఖ్యంగా గంధకం ఆపదు. గంధకం స్టాక్‌లోకి వెళ్తే, ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది, ఓ పట్టాన లేవదు. అప్పుడు స్టాక్ అదే పని చెయ్యడానికి ఎక్కువ హైడ్రోజన్ తాగుతుంది.

"సార్, దాన్ని తీస్తే..." అని మొదలుపెట్టాను.

"కృష్ణకుమారిగారూ, మీరు పూలూ టిఫిన్లూ చూసుకోండమ్మా. నోటికి కాస్త రెస్ట్ ఇవ్వండి" అన్నారు. నలుగురూ నవ్వారు. సరేనని నోటికి రెస్ట్ ఇచ్చాను.

మీటింగయ్యాక శరత్ మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నాడు. "మేడమ్, ఫిల్టర్ నికాల్నా ఠీక్ హై క్యా?"

ఫిల్టర్ తీసెయ్యొచ్చా అని అడుగుతుంటే వాడి ముఖంలో భయం కనిపించింది. ఆ భయానికి జవాబు చెప్పాల్సింది నేనే అని కూడా తెలుసు. కానీ నా కుర్చీలో కూర్చున్నవాడు వాడు. "మీ మామయ్యనే అడుగు" అని కిందికి దిగిపోయాను.

బస్సు ట్రాక్‌కి బయల్దేరే ముందురోజు సదాశివరావు గారు నన్ను పిలిచారు. కొత్త బండి గేటు దాటే ముందు లడీ, అంటే టపాకాయల సరం, పేలాలట. బాడీలు కట్టే రోజుల నుంచీ ఆయనకది సెంటిమెంటు. పటాకులు నిషేధమని ఆయనకు తెలియదా, తెలుసు. నిషేధాలు కుటుంబ పెద్దలకు వర్తించవు.

"పెద్ద లడీ తెప్పించండమ్మా. అయిదువేలది. బస్సు స్టార్ట్ చేసే ఉంచుదాం. రవాణా శాఖవాళ్ళకి దీన్నుంచి పొగ రాదని చూపించాలి. వెనక గొట్టంలోంచి వచ్చే నీళ్ళు గ్లాసుల్లో పట్టిద్దాం. ఎలా ఉంది?"

"బావుంది సార్."

నిజంగానే బావుంది. పటాకులంటే గంధకం. బస్సు స్టార్ట్ చేసి ఉంటే, గాలి పీలుస్తూ ఉంటుంది. ముక్కుకు గుడ్డ ఆయనే తీయించారు, పొగ కూడా ఆయనే తెప్పిస్తున్నారు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని పెద్దలు అంటారు కానీ, నా అనుభవంలో పడరు. పక్కన ఎవరో ఒకరు నిలబడి చూసుకోవాలి.

ఆ రాత్రి చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఒక్క మాట చాలు. కానీ అంతకుముందు నేను చెప్పిన అన్ని మాటలకూ నవంబరులో దక్కింది మైకు. నోటికి రెస్ట్ ఇవ్వమన్నది ఆయనే. ఇచ్చాను, ఇస్తూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్న ఎండలో మా యార్డు పెళ్ళిపందిరిలా ఉంది. బస్సుకు బంతిపూల దండలు వేయించాను. పంతులుగారు కొబ్బరికాయ కొట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. రవాణా శాఖ పెద్దమనిషి శాలువా కప్పుకుని కూర్చున్నాడు. వాచ్‌మన్ లడీ భుజాన వేసుకుని, ఎక్కడ కట్టాలో అడగడానికి నా దగ్గరికి వచ్చాడు.

"దీదీ, కహా లగావూఁ?"

శరత్ పక్కనే ఉన్నాడు. "మేడమ్, హైడ్రోజన్ కే పాస్ ఆగ్? సేఫ్ హై?" అన్నాడు మెల్లగా, హైడ్రోజన్ పక్కన నిప్పేమిటని.

"దూరంగా కట్టిస్తాను" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. మనుషుల ప్రాణాలతో నాకు పేచీ లేదు. బస్సు గోడ దగ్గర నుంచి చాలా దూరంలో నిలబడి ఉంది. లీకు ఉంటే కూసే యంత్రాలన్నీ నేనే పొద్దున్న వచ్చి చూసుకున్నాను. నిప్పు దూరంగా ఉండాలి. పొగ మాత్రం దగ్గరగా రావాలి. బస్సు గాలి పీల్చే జాలీ వెనకవైపు కుడి పక్కన ఉంటుంది. గుప్పిట్లో ఉన్న బంతిపూల రెక్కలు నలిపి గాలిలోకి వదిలాను. అవి పడమటి గోడ నుంచి ఎగిరి నేరుగా ఆ జాలీకేసి వెళ్ళాయి.

"ఆ గోడకి కట్టు" అన్నాను వాచ్‌మన్‌తో, పడమటి గోడ చూపించి.

బస్సు నిలబడ్డచోటే చప్పుడు లేకుండా పనిచేస్తోంది. సదాశివరావు గారు వెనక గొట్టం కింద స్టీలు గ్లాసు పట్టి నీళ్ళు నింపి, తీర్థంలా అరచేతిలో పోసుకుని తాగి చూపించారు. అందరూ నవ్వారు, ఫోటోలు తీసుకున్నారు. ఆ పైన ఆయన చెయ్యి ఊపారు, వాచ్‌మన్ అంటించాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పు పెట్టారు, పొగ వచ్చింది. గోడంతా కప్పేసి, మబ్బులా కదిలి, బస్సు వెనకభాగాన్ని మింగేసింది. జాలీ దగ్గర ఆ పొగ మెలికలు తిరుగుతూ లోపలికి పోవడం నేను కళ్ళారా చూశాను. అతిథులు ముక్కులు మూసుకున్నారు. బస్సుకు ముక్కు మూసుకునే వీలు లేదు.

లడీ చాలాసేపు పేలింది. పెద్దదే తెచ్చాను మరి.

బస్సును ట్రెయిలర్ మీద ఎక్కించి మానేసర్ తీసుకెళ్ళారు. టిఫిన్లు చూసుకోవడానికని నేనూ వెళ్ళాను. ట్రాక్ అంటే గుండ్రంగా సాగే పెద్ద రోడ్డు. మధ్యలో ఎండిన గడ్డి, దూరంగా ఆరావళి కొండల బూడిదరంగు. అక్కడి ఇంజనీరు నేహా. సన్నటి అమ్మాయి, తలకు టోపీ, మాటల్లో పొదుపు. బస్సులో మనుషుల బదులు ఇసుక బస్తాలు వేయించింది. బస్సు సొంత ట్యాంకులు మూసేసి, విడిగా తెచ్చిన హైడ్రోజన్ సిలిండర్లను తూకం వేసి తగిలించింది. పరుగయ్యాక వాటినే మళ్ళీ తూస్తారు. తగ్గిన బరువే బస్సు తాగిన హైడ్రోజన్. తక్కెడకు మేనల్లుడూ మామయ్యా ఎవరూ ఉండరు.

సదాశివరావు గారు నేహా పక్కకు చేరి, బస్సులో ఉన్న బ్యాటరీని నిండా చార్జ్ చేసి మొదలుపెడితే బావుంటుంది కదా అన్నారు హిందీలో. అలా చేస్తే బస్సు సగం దూరం బ్యాటరీ మీదే నడిచి, హైడ్రోజన్ మిగిలినట్టు కనిపిస్తుంది.

"పెట్టండి సర్. ఆఖర్న కూడా అంతే నిండుగా ఉండాలి. లేకపోతే పరుగు లెక్కలోకి రాదు" అంది నేహా, కాగితం మీంచి పెన్ను ఎత్తకుండానే. ఆయన నవ్వేసి ఇడ్లీ తినడానికి వెళ్ళారు.

పరుగు మొదలైంది. ట్రాక్ పక్కనున్న గదిలో గోడ మీద తెర, దాని మీద బస్సు లోపలి అంకెలు. శరత్ తెర ముందు కూర్చున్నాడు. నేను వెనకాల కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. మొదటి చుట్టులోనే తెలిసిపోయింది. స్టాక్ వోల్టేజీ ఉండాల్సిన చోట లేదు. బస్సు స్టాపు దగ్గర ఆగి కదిలినప్పుడల్లా ఇంకా కిందికి జారి, కష్టపడి పైకి లేస్తోంది. మెట్లెక్కుతూ ఆయాసపడే మనిషిలా. శరత్ చెమటలు తుడుచుకుంటూ మీటలు నొక్కుతున్నాడు, ఏమీ దొరకటం లేదు.

నాకు సంతోషం వేసింది. చాలా సంతోషం వేసింది. నవంబరు నుంచీ గుండెల్లో పెట్టుకున్న బరువు దిగుతున్నట్టుంది. అంతలోనే ఆ తెర మీద జారుతున్న గీత నా స్టాక్‌దని గుర్తొచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించానా అనుకున్నాను. పోనీ, దుత్త మళ్ళీ అతుకుతుంది. అత్త సంగతి చూడాలి.

నేహా సిలిండర్లు తూయించి అంకె చెప్పింది. తొమ్మిదిన్నర.

"మళ్ళీ నడపండి" అన్నారు సదాశివరావు గారు. మధ్యాహ్నం ఎండలో మళ్ళీ నడిపారు. ఈసారి పదికి దగ్గరగా వచ్చింది. రవాణా శాఖ పెద్దమనిషి శాలువా మడిచి కారులో పెట్టుకుని, బాగు చేసుకుని వారం లోపల మళ్ళీ రండి, లేకపోతే ఇంకొకరున్నారు అని చెప్పి వెళ్ళిపోయాడు. సదాశివరావు గారి ముఖంలో రక్తం లేదు. ఇడ్లీ చట్నీ మరక చొక్కా మీద అలాగే ఉంది.

"ఏమైందిరా?" అన్నారు శరత్‌తో.

"పతా నహీ మామాజీ. ఫిల్టర్ నికాల్నే కే బాద్..." అంటూ, ఫిల్టర్ తీశాకే ఇలా అయిందని చెప్పబోయాడు.

"ఫిల్టర్ మాట ఎత్తకు. సోమవారం మాట్లాడదాం."

నేను కాఫీ గ్లాసులు ఏరుకుంటూ ఆ మాట విన్నాను. సోమవారం. ఫిల్టర్ తీయమన్నది ఆయనే, అదీ మీటింగులో అందరూ వింటుండగా. నన్ను అనడానికి లేదు, నేను పూలమనిషిని. ఇంకెవరి మీదికీ నెట్టే వీలు లేదు. తిరిగొచ్చేదారిలో గుర్గావ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూడా నేను కిటికీలోంచి చూస్తూ నవ్వుకుంటూనే ఉన్నాను.

సోమవారం పొద్దున్న అందరికంటే ముందు క్యాంటీన్ చేరాను. పెద్ద ఉద్యోగులకు ముందు వరసలో కుర్చీలుంటాయి, మిగతావాళ్ళు నిలబడతారు. నేను ముందు వరసలో మధ్య కుర్చీ చూసుకున్నాను. ఎంతో కాలంగా ఎదురుచూసిన ఆట, నాకు మంచి సీటు కావాలి. సదాశివరావు గారు వచ్చారు. మైకు తీసుకున్నారు.

"మన కుటుంబానికి పెద్ద దెబ్బ తగిలింది" అన్నారు హిందీలో, గొంతు కాస్త తడిచేసుకుని. "ఎవరి అజాగ్రత్త వల్ల తగిలిందో వాళ్ళే ఒప్పుకుంటారు. నా సొంత మేనల్లుడైనా సరే, నేను పక్షపాతం చూపించను. శరత్, ఆవో బేటా."

ఎవరో శభాష్ అన్నారు కూడా. తన వాణ్ణే వదల్లేదు చూడండి, ఎంత ధర్మాత్ముడో.

శరత్ లేచి వెళ్ళాడు. మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ మైకు ఎంత బరువుంటుందో ఆ గదిలో నాకు బాగా తెలుసు. వాడి మోచేతులు పక్కలకు అంటుకుపోయాయి, కింది పెదవి పళ్ళ కింద ఉంది. "ఫిల్టర్... గల్తీ మేరీ హై" అన్నాడు. చప్పట్లు మోగాయి. మూడొందల జతల చేతులు, నవంబరులో మోగినవే. సదాశివరావు గారు వాడి భుజం తట్టారు. "శభాష్. మనసు తేలికైంది కదా?"

నా పగ ఆయన పక్కనుంచి వెళ్ళి, మెట్ల దగ్గర భయపడుతూ నన్ను సలహా అడిగినవాణ్ణి కొట్టింది. ఆయనకు చొక్కా కూడా నలగలేదు. అప్పుడు నాకు వచ్చిన కోపం ముందు నవంబరు కోపం ఏ మూలకూ చాలదు.

లేచి వెళ్ళి శరత్ చేతిలోంచి మైకు తీసుకున్నాను. వాడు వదలడానికి ఒక క్షణం పట్టింది, వేళ్ళు బిగుసుకుపోయాయి. క్యాంటీన్‌లో అందరికీ అర్థం కావాలని హిందీలోనే చెప్పాను.

"బొగ్గు ఫిల్టర్ తీసేయమన్నది సదాశివరావు గారు. మీటింగులో ఉన్నవాళ్ళందరూ విన్నారు. ఇక్కడే ఉన్నారు వాళ్ళు. ఎందుకు తీయకూడదో నేను చెప్పబోతే నోరు మూసుకోమన్నారు, మీరు నవ్వారు. నవంబరులో బస్సు ఆగింది కూడా ఫిల్టర్ వల్లే, నా డిజైన్ వల్ల కాదు. ఇది కూడా మీలో చాలామందికి తెలుసు. తెలిసే చప్పట్లు కొట్టారు."

"కృష్ణకుమారిగారూ, కూర్చోండి" అన్నారు సదాశివరావు గారు.

"ఇంకొకటుంది సార్. ఆ రోజు పటాకుల పొగ స్టాక్‌ను పాడుచేసింది. లడీ పేల్చమన్నది మీరు. పడమటి గోడకి కట్టించింది నేను. గాలి ఎటు వీస్తోందో పూలరెక్కలు ఎగరేసి చూసుకుని మరీ కట్టించాను. ఏమవుతుందో నాకు తెలుసు."

గదిలో గుసగుస లేచింది. సదాశివరావు గారి ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్ళలో ఆయన నన్ను మీరు తప్ప అనలేదు. ఇప్పుడు తెలుగులో, మైకుకు అందని గొంతుతో, "నువ్వు అన్నం పెట్టిన చేతిని కరిచావే" అన్నారు.

"కరిచాను" అన్నాను మైకులోనే, తెలుగులోనే. మళ్ళీ హిందీకి వచ్చాను. "గల్తీ మేరీ హై అని నేను అనను. ఒకసారి అన్నాను, నాది కాని దానికి. ఇది మాత్రం నాదే. దీనికి మాఫీ అడగను. నా ఉద్యోగం ఈ మాటతో పోతుంది, పోనీండి. స్టాక్ చావలేదు. శుభ్రమైన గాలి పెట్టి, లోడు పెంచుతూ తగ్గిస్తూ నడిపితే గంధకం వదులుతుంది. వారంలోపే కోలుకుంటుంది. ఎలా చెయ్యాలో శరత్‌కు చూపించి వెళ్తాను. కానీ ముందు ఆచారం పూర్తి కావాలి."

మైకు ఆయన ముందుకు చాచాను.

ఆయన తీసుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నారు. జనం కేసి చూశారు, వాళ్ళు నవ్వుతారేమోనని, ఎవరైనా లేచి నన్ను పక్కకు లాగుతారేమోనని. ఎవరూ కదల్లేదు. టీ పోసే ఆమె కూడా కెటిల్ పట్టుకుని అలాగే నిలబడింది. నా చెయ్యి చాచినట్టే ఉంది. నొప్పి పుడుతోంది, అయినా దించలేదు.

"మామాజీ" అన్నాడు శరత్. ఇందాకటి కంటే గట్టిగానే అన్నాడు. "లీజియే."

తీసుకోమన్నాడు. సొంత అక్క కొడుకు, అందరి ముందూ. సదాశివరావు గారు వాడి వైపు తిరిగి చూసిన చూపులో కోపం లేదు, ఏం చెయ్యాలో తోచనితనం ఉంది. వెనక నుంచి ఇంకెవరో "లీజియే సర్" అన్నారు. ఆ పక్కనుంచి ఇంకొకరు అన్నారు.

ఆయన చెయ్యి ముందుకొచ్చింది. మైకు అందుకుంది. నోరు తెరిచారు, స్పీకర్లలో ఊపిరి వినిపించింది, మాట రాలేదు. గొంతు సవరించుకున్నారు, అదీ వినిపించింది. ఎవరూ టీ అడగలేదు, ఎవరూ గడియారం చూడలేదు. నాకూ తొందరేమీ లేదు. నా కుర్చీని కాస్త ముందుకు లాక్కుని, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను.